ప్రాజెక్టు డైరీ: మంగమారిపేట తీరంలో దిగిన అతిథికి ఒక భాష

ఒక లఘుచిత్రంలో గ్రహాంతర పాత్ర పలకవలసిన 26 సంభాషణల కోసం విశాఖపట్నంలో మేము కట్టిన భాష తాలూకు పని వివరాలు ఇవి. చిత్రం నిడివి 14 నిమిషాలు. మంగమారిపేట సముద్రపు ఒడ్డున ఉన్న సహజ శిలాతోరణం పక్కన ఒక అతిథి దిగుతాడు. అక్కడ వలలు ఆరబెట్టుకుంటున్న మత్స్యకార మహిళ అతనితో మొదటగా మాట్లాడి, చివరికి అతని భాషలో మూడు మాటలు పలుకుతుంది. అతిథి పాత్రను నగరానికి చెందిన ఒక అనుభవజ్ఞుడైన రంగస్థల నటుడు ముసుగు ధరించి పోషిస్తున్నారు. ఇటువంటి పని తలపెట్టే ఇతర బృందాలు మా కొలతలను నేరుగా వాడుకోవడానికి, పనికిరాని దారులను ముందే వదిలిపెట్టడానికి వీలుగా దశలవారీగా రాస్తున్నాను.

దశ 1: పాత చిత్రాల పద్ధతుల పరిశీలన

పాత వైజ్ఞానిక కల్పన చిత్రాలలో గ్రహాంతర భాషను సాధించిన మార్గాలు స్థూలంగా నాలుగు.

మొదటిది అతి తక్కువ మాటలతో సరిపెట్టడం. 1951లో వచ్చిన ‘ది డే ది ఎర్త్ స్టుడ్ స్టిల్’లో ‘క్లాటు బరాడా నిక్టో’ అనే మూడు మాటలకు చిత్రంలో ఎక్కడా అర్థం చెప్పరు. అయితే ఆ మాటలను నాయిక ముందుగా నేర్చుకోవడం మనం చూస్తాము, ఆమె వాటిని యంత్రమానవుడి ఎదుట పలకగలదా అని ఎదురుచూస్తాము, కనుక అవి ప్రేక్షకుడికి కంఠస్థమైపోతాయి. మా మత్స్యకార మహిళ చేత మూడు మాటలే పలికించాలన్న నిర్ణయం ఇక్కడి నుంచి తీసుకున్నదే.

రెండవది మాటల బదులు స్వరాలు వాడడం. 1977 నాటి ‘క్లోజ్ ఎన్‌కౌంటర్స్ ఆఫ్ ది థర్డ్ కైండ్’ కోసం జాన్ విలియమ్స్ కూర్చిన అయిదు స్వరాలను మన పద్ధతిలో ‘రి గ స స ప’ అని చెప్పుకోవచ్చు. రెండవ ‘స’ కింది స్థాయిలో ఉంటుంది. మా కథలో ఇద్దరూ సంభాషించుకోవాలి కాబట్టి దీనిని పక్కన పెట్టాము.

మూడవది ఉన్న భాష నుంచి ధ్వనిని అరువు తెచ్చుకోవడం. 1977 నాటి ‘స్టార్ వార్స్’లో గ్రీడో పాత్ర మాటలకు శబ్దరూపకర్త బెన్ బర్ట్ దక్షిణ అమెరికాలోని క్వెచువా భాష ధ్వనిని ఆధారం చేసుకున్నారు; 1983లో వచ్చిన ‘రిటర్న్ ఆఫ్ ది జెడై’లోని ఎవాక్ జాతి మాటలకు కల్మిక్ భాష ఆధారం. చవకైన, త్వరగా ఫలితమిచ్చే పద్ధతి ఇదే. విశాఖలో ఉన్నవారికి అరకు, పాడేరు కొండల మీద పలికే కువి, గదబ వంటి భాషలు వెంటనే గుర్తుకు వస్తాయి, మా బృందంలోనూ ఆ సూచన వచ్చింది. దానిని పూర్తిగా తిరస్కరించాము. ఆ భాషలు మాట్లాడే పిల్లలు ఇదే నగరంలోని వసతి గృహాలలో ఉండి చదువుకుంటున్నారు. తమ ఇంటి మాటను భూమికి చెందని జీవి నోట వినవలసిన పరిస్థితి వారికి కల్పించడం న్యాయం కాదని నా దృఢమైన అభిప్రాయం.

నాలుగవది భాషను మొదటి నుంచి నిర్మించడం. 1979లో వచ్చిన ‘స్టార్ ట్రెక్’ తొలి చలనచిత్రం కోసం నటుడు జేమ్స్ డూహన్ క్లింగాన్ అనే గ్రహాంతర జాతికి కొన్ని మాటలను ధ్వనుల రూపంలో కల్పించగా, 1984 నాటి మూడవ చిత్రం కోసం భాషాశాస్త్రవేత్త మార్క్ ఓక్రాండ్ ఆ ధ్వనులనే పునాదిగా తీసుకొని వ్యాకరణమూ పదజాలమూ కట్టి, 1985లో నిఘంటువుగా ప్రచురించారు. మేము ఈ దారినే ఎంచుకున్నాము.

మొత్తాలు: శబ్దాలు 0, మాటలు 0, ఖర్చు 0 రూపాయలు.

దశ 2: గొంతు శబ్దాల తొలి రూపం, దాని వైఫల్యం

తొలి రూపంలో 31 శబ్దాలు, 140 మాటలు ఉన్నాయి. క్లింగాన్ వలెనే గొంతు లోపలి నుంచి వచ్చే ‘ఖ్’, ‘క్’ శబ్దాలు, శ్వాసను ఒక్కసారిగా ఆపే విరామాలు ఇందులో ఎక్కువ; వీటికి తోడు నాలుకతో చేసే చప్పుళ్లు కూడా పెట్టాము. దీనిని 40 సెకన్ల నమూనాగా రికార్డు చేసి, 20 మందికి ఒక్కొక్కరికీ విడివిడిగా వినిపించి, ‘ఇది ఏ భాష?’ అని మాత్రమే అడిగాము. నౌకాదళం, ఉక్కు కర్మాగారం, ఓడరేవు వలన విశాఖలో దేశంలోని అనేక భాషలవారు స్థిరపడి ఉన్నారు కనుక ఈ పరీక్షకు నగరం చాలా అనుకూలమైనది. వినేవారిలో తెలుగువారితో పాటు ఒడియా, బెంగాలీ, హిందీ, మలయాళం ఇంటి భాషగా ఉన్నవారు కూడా ఉండేలా చూసుకున్నాము.

ఫలితం: ఉర్దూ లేదా అరబిక్ అన్నవారు 8 మంది, కాలకేయుల భాష అన్నవారు 6 మంది, తమిళం లేదా మలయాళం అన్నవారు 3, తెలియదన్నవారు 3.

‘తెలియదు’ అన్న సమాధానం కనీసం 15 మంది నుంచి రావాలన్నది మా లక్ష్యం. కాలకేయుల ప్రస్తావన ఇక్కడ కీలకమైనది. 2015లో వచ్చిన ‘బాహుబలి’ కోసం మదన్ కార్కీ సృష్టించిన కిలికి భాష తెలుగు ప్రేక్షకుడి చెవిలో ఎంత గట్టిగా నిలిచిపోయిందంటే, నాలుక చప్పుడు వినబడిన మరుక్షణం యుద్ధభూమి గుర్తుకు వస్తోంది. మా అతిథి నీరు అడగడానికి వచ్చినవాడు.

దీనికి మించిన కారణం మరొకటి ఉంది. అమెరికన్ ప్రేక్షకుడికి వింతగా తోచాలని క్లింగాన్‌లో చేర్చిన నాలుక మడిచి పలికే ‘డ’, తెలుగువారికి డబ్బాలోనూ డప్పులోనూ రోజూ వినబడే శబ్దమే. మూలపదానికి ప్రత్యయాలు వరుసగా అంటుకునే క్లింగాన్ క్రియ తీరు కూడా మనకు పరాయిది కాదు. అంటే వింతదనాన్ని ఆ చిత్రాల నుంచి వస్తువుగా దిగుమతి చేసుకుంటే లాభం లేదు; తెలుగు చెవికి ఏది కొత్తో విడిగా వెతకవలసి ఉంటుంది.

మొత్తాలు: 140 మాటలూ తొలగించాము. ఖర్చు 0 రూపాయలు.

దశ 3: మన శబ్దాలే, మనం పలకని చోట్లలో

అక్షరమాలలో అందరమూ ఙ, ఞ, ణ, ళ వల్లె వేశాము. అయితే ఈ నాలుగింటితో మొదలయ్యే మాట తెలుగు వాడుకలో వినబడదు. శబ్దం పరిచితమైనదే కాబట్టి నటుడు పలకగలడు. స్థానం అపరిచితమైనది కాబట్టి వినేవాడు ఉలిక్కిపడతాడు. రెండవ రూపాన్ని ఈ సూత్రం మీద కట్టాము: 22 శబ్దాలు, 96 మాటలు.

మాట మొదట ‘ఙ’ పలకడం నేర్పిన విధానం:

1. ‘సింగం’ అని నెమ్మదిగా పలకాలి.
2. ‘గ’ రాకముందు ముక్కులో మోగే ధ్వనిని రెండు సెకన్లు నిలపాలి.
3. ఆ ధ్వని నుంచి ‘గ’ను వదిలి నేరుగా ‘అ’లోకి జారాలి.
4. ముందున్న ‘సి’ని తీసివేసి, ముక్కు ధ్వనితోనే మొదలుపెట్టాలి.

ఈ రూపంలో విఫలమైనది మాటల చివర. క, ట, బ వంటి హల్లులతో ఆగిపోయే మాటలు 41 పెట్టాము. నటుడు వాటిని విడిగా చదివినప్పుడు సరిగానే వచ్చాయి, భావం పెట్టి పలికినప్పుడు మాత్రం ప్రతి మాటకూ చివర చిన్న ‘ఉ’ వచ్చి చేరింది. ప్రాట్ అనే ఉచిత ధ్వనివిశ్లేషణ సాఫ్ట్‌వేర్‌లో తరంగరూపం తెరిచి కొలిస్తే, ఆ అదనపు అచ్చు 60 నుంచి 80 మిల్లీసెకన్ల వరకు ఉంది. అచ్చుతో ముగిసే మాటలకు పుట్టినప్పటి నుంచి అలవాటుపడిన నోరు అది. దానిని మాన్పించడానికి ఎంత సాధన చేయించినా, ఆవేశం గల సన్నివేశంలో మళ్లీ వచ్చింది. ‘నా దృష్టంతా మాట చివర మీదే ఉంటే ముఖంలో భావం ఎక్కడి నుంచి వస్తుంది బాబూ’ అని నటుడు అన్న తరువాత, నోటిని దిద్దే ప్రయత్నం మాని మాటలనే మార్చాము. ఇప్పుడు ప్రతి మాటా అచ్చుతో గాని, ల్, ణ్, ఙ్ అనే మూడు మోగే హల్లులలో ఒకదానితో గాని ముగుస్తుంది. ఈ మూడింటి తరువాత అదనపు అచ్చు 20 మిల్లీసెకన్లకు మించలేదు, అంత స్వల్పమైనది చెవికి అందదు.

వినికిడి పరీక్ష, కొత్త 20 మందితో: తెలియదన్నవారు 9.

మొత్తాలు: శబ్దాలు 22, మాటలు 96, ఖర్చు 0 రూపాయలు.

దశ 4: సముద్రం తినేసిన శబ్దాలు

శిలాతోరణం దగ్గర చేసిన తొలి రికార్డింగు ఏ విధంగానూ పనికిరాలేదు. కెమెరా పక్కన, నటుడికి 3 మీటర్ల దూరంలో పెట్టిన మైకులో నటుడి మాట సగటున మైనస్ 20 డెసిబెల్స్, అలల హోరు మైనస్ 24 డెసిబెల్స్ (ఈ కొలతలో సున్నాకు దగ్గరైన కొద్దీ శబ్దం ఎక్కువ). రెండింటి మధ్య తేడా 4 డెసిబెల్స్ మాత్రమే. బండల చాటుకు 40 మీటర్లు జరిగితే హోరు మరో 5 డెసిబెల్స్ తగ్గింది, కాని తోరణం చిత్రంలో కనబడకుండా పోయింది. తక్కువ పౌనఃపున్యాలను తొలగించే ఫిల్టరు గాలి దెబ్బలను తగ్గించిందే గాని హోరును తగ్గించలేదు. అలల చప్పుడు కింది నుంచి పై వరకు అన్ని పౌనఃపున్యాలలోనూ పరుచుకొని ఉండడమే అందుకు కారణం.

గాలి తొడుగు 650 రూపాయలకు, ముసుగు లోపల బిగించే కాలరు మైకు 2,300 రూపాయలకు కొన్నాము. నోటికి 15 సెంటీమీటర్ల దూరంలో ఉన్న ఈ మైకులో మాట మైనస్ 14, హోరు మైనస్ 36 డెసిబెల్స్‌కు వచ్చాయి. తేడా 22 డెసిబెల్స్ కాబట్టి మాట స్పష్టంగా వినబడింది. అయినా ఒక సమస్య మిగిలింది: స, శ, హ, ఫ, చ శబ్దాలు దాదాపుగా మాయమయ్యాయి. గాలి ఒరిపిడితో పుట్టే ఈ శబ్దాల బలం ఎక్కువగా పై పౌనఃపున్యాలలో ఉంటుంది. మందమైన ఫోము ముసుగు సరిగ్గా ఆ పై భాగాన్నే పీల్చుకుంటుంది, మిగిలిన కాస్తా అలల నురుగు చప్పుడులో కలిసిపోతుంది.

మాకు రెండు మార్గాలు కనబడ్డాయి: తీరం సన్నివేశాలన్నిటికీ గదిలో డబ్బింగు చెప్పడం, లేదా ఆ అయిదు శబ్దాలను భాష నుంచే తీసివేయడం. రెండవదే చేశాము. ఒరిపిడి శబ్దం ఒక్కటి కూడా లేని భాష వినడానికి మెత్తగా, గుండ్రంగా మారింది; పైగా అలల పక్కన నివసించే జాతికి అలలో కలిసిపోని శబ్దాలే ఉండడం కథకు బలమైన ఆధారం ఇచ్చింది. ఈ ప్రాజెక్టు మొత్తంలో నాకు అత్యంత తృప్తినిచ్చిన మార్పు ఇదే.

మిగిలిన శబ్దాలు: అ, ఆ, ఇ, ఉ, ఊ, ఓ, క, గ, ఙ, ఞ, ట, డ, ణ, బ, మ, ల, ళ.

మొత్తాలు: శబ్దాలు 17, మాటలు 96, అందులో మార్చినవి 38, ఖర్చు 2,950 రూపాయలు.

దశ 5: వాక్య నిర్మాణం

ఓక్రాండ్ క్లింగాన్‌కు కర్మ, క్రియ, కర్త అనే వరుసను ఎంచుకున్నారు, ఎందుకంటే మానవ భాషలలో అది చాలా అరుదు. అదే వరుసతో మొదటి నమూనా కట్టి, తెలుగు ఉపశీర్షికలతో చూపిస్తే ఎవరికీ ప్రత్యేకంగా అనిపించలేదు. ‘అన్నం తిన్నాడు వాడు’ అని రోజూ అనుకునే మనకు ఆ వరుసలో కొత్తదనం లేదు. అందువలన క్రియను మొదట పెట్టాము. తెలుగులో విభక్తి, బహువచనం, వ్యతిరేకార్థం అన్నీ మాట వెనుక చేరుతాయి కనుక, ఈ భాషలో అన్నిటినీ మాటకు ముందు చేర్చాము.

నిర్మాణం మూడు ఉదాహరణలతో:

1. ‘ఙబ గూ ణోమల్’: నేను నీరు కోరుతున్నాను. ఙబ అంటే కోరడం, గూ అంటే నేను, ణోమల్ అంటే నీరు.
2. ‘ఓఙబ గూ ణోమల్’: నేను నీరు కోరడం లేదు. వ్యతిరేకార్థం ‘ఓ’ అన్నిటికన్నా ముందు వస్తుంది.
3. ‘ఙబ గూ మాళిబుణ్’: నేను ఒడ్డున ఉండాలని కోరుతున్నాను. ళిబుణ్ అంటే ఒడ్డు, ‘మా’ అంటే లో లేదా మీద.

తెలుగు వాక్యంలో ఔనో కాదో తెలుసుకోవడానికి క్రియ చివరి వరకు ఆగాలి. ఇక్కడ మొదటి అచ్చుతోనే తెలిసిపోతుంది. అతిథి ‘ఓ’ అని నోరు తెరవగానే మత్స్యకార మహిళ వెనుకడుగు వేసే సన్నివేశం ఈ నియమం నుంచే పుట్టింది. ఆమె నేర్చుకునే మూడు మాటలు మొదటి ఉదాహరణలోనివి.

సంభాషణలలో రాని మాటలను ఈ దశలో తొలగించాము. వాడని మాటలు నిఘంటువును నింపుతాయే తప్ప నటుడికి ఉపయోగపడవు.

మొత్తాలు: శబ్దాలు 17, మాటలు 61, ఖర్చు 2,950 రూపాయలు.

దశ 6: రాగం, నటుడి నోరు చేసిన సవరణలు

సంభాషణలను తెలుగు లిపిలో పెద్ద అక్షరాలతో కార్డుల మీద అచ్చు వేయించాము. ఖర్చు 240 రూపాయలు. శబ్దాలన్నీ సరిగా వస్తున్నా, ప్రశ్నలు మాత్రం తెలుగు ప్రశ్నలలాగే వినబడ్డాయి. ప్రాట్‌లో స్వరస్థాయి గీత గీయించి చూస్తే, ప్రశ్న చివర అచ్చు సాగి, స్థాయి 120 హెర్ట్జ్ నుంచి 170 వరకు లేస్తోంది. ఉత్తరాంధ్ర మాటలో ఉన్న ఆ తీయని సాగదీత అది; విన్నవారు అతిథి మన ఊరివాడే అనుకోవడానికి అది ఒక్కటి చాలు. మార్పు: ప్రశ్నలో మొదటి మాటను ఎత్తి పలికి, చివరి మాటను కిందికి దించి పొట్టిగా ఆపడం. సాధన చేయిస్తే చివరి స్థాయి 100 హెర్ట్జ్ దగ్గర నిలిచింది.

రెండవ సవరణ నటుడి నుంచే వచ్చింది. కోపపు సన్నివేశంలో ఆయన ‘ళిబుణ్’ను ‘లిబుణ్’ అని పలికారు, ఆ టేకులో నటన మిగతా అన్నిటికన్నా గొప్పగా వచ్చింది. 1984 నాటి చిత్రీకరణలో నటుల పలుకుబడి తన నియమానికి భిన్నంగా వచ్చినప్పుడు ఓక్రాండ్ కొన్నిటిని భాషలోకే స్వీకరించిన సంగతి ఇక్కడ మాకు దారి చూపింది. కోపంలో మాట మొదటి ‘ళ’ ‘ల’గా మారుతుందని నియమం చేర్చి, మిగతా రెండు కోపపు సంభాషణలను దానికి అనుగుణంగా మార్చాము.

వినికిడి పరీక్ష, మరో కొత్త 20 మందితో: తెలియదన్నవారు 16. లక్ష్యం చేరింది.

మొత్తాలు: శబ్దాలు 17, మాటలు 61, ఖర్చు 3,190 రూపాయలు.

దశ 7: ముందు తెలుగులో తీసి, తరువాత భాష అతికించిన సన్నివేశం

అతిథి ముసుగు తీసే ఒక సన్నివేశాన్ని కథ మార్పుకు ముందే తెలుగు సంభాషణతో తీసి ఉన్నాము. తిరిగి తీయడానికి వీలులేదు. 1982 నాటి రెండవ ‘స్టార్ ట్రెక్’ చిత్రంలో స్పాక్, సావిక్ అనే పాత్రలు ఆంగ్లంలో పలికి చిత్రీకరించిన సంభాషణకు, పెదవుల కదలికకు సరిపోయే, వారి జాతి భాష అయిన వల్కన్ మాటలను ఓక్రాండ్ తరువాత అల్లారు. అదే పద్ధతిని ఇలా అమలు చేశాము:

1. దృశ్యాన్ని సెకనుకు 24 ఫ్రేముల చొప్పున ముందుకు జరుపుతూ, పెదవులు పూర్తిగా మూసుకున్న ప్రతి ఫ్రేము సంఖ్యను రాసుకోవాలి.
2. తెలుగు మాటలో ప, బ, మ వచ్చిన ఆ చోట్ల కొత్త భాషలో బ లేదా మ రావాలి.
3. నోరు గుండ్రమైన చోట ఊ, ఓ. బాగా తెరుచుకున్న చోట ఆ పెట్టాలి.
4. నాలుక శబ్దాలు బయటికి కనబడవు కనుక మిగిలిన చోట్లను ణ, ళ, డ, ల లతో నింపుకోవచ్చు.

9 సెకన్ల సన్నివేశంలో పెదవులు 14 చోట్ల మూసుకున్నాయి. 11 చోట్ల సరిపోయింది, మిగిలిన మూడింటి కోసం కెమెరాను మహిళ ముఖం మీదికి మళ్లించి కత్తిరించాము. ఇందుకోసం కొత్తగా 3 మాటలు పుట్టించవలసి వచ్చింది.

ఈ డబ్బింగును పడకగదిలో, బొంతలూ మందమైన పరదాలూ కట్టి చేశాము. ఖర్చు 1,800 రూపాయలు. ఫ్యాను తిరుగుతుంటే నేపథ్య శబ్దం మైనస్ 46 డెసిబెల్స్, ఆపితే మైనస్ 60. విశాఖ ఉక్కపోతలో ఫ్యాను ఆపి ఎక్కువసేపు పని సాగదు, కాబట్టి తెల్లవారుజామున పెట్టుకోవడం మంచిది.

మొత్తాలు: శబ్దాలు 17, మాటలు 64, ఖర్చు 4,990 రూపాయలు.

దశ 8: గొంతు మార్పు

‘స్టార్ వార్స్’లోని జావాలు అనే పొట్టి జీవుల మాటలను బర్ట్ రికార్డు చేసిన తరువాత స్థాయి పెంచారు. మాకు కావలసింది తగ్గింపు. ఆడాసిటీ అనే ధ్వని సవరణ సాఫ్ట్‌వేర్‌లో నటుడి 120 హెర్ట్జ్ గొంతును ఏడు అర్ధస్వరాలు దించితే 80 హెర్ట్జ్‌కు చేరి గంభీరంగా వినబడింది గాని, ణ, ళ, ల ఒకదానిలో ఒకటి కలిసిపోయాయి. మాటల తేడా వినబడకపోతే ఇంతవరకు చేసిన పనికి విలువ ఉండదు. నాలుగు అర్ధస్వరాలు దించి 95 హెర్ట్జ్ దగ్గర చూసినా ఙ, ణ తడబడ్డాయి. రెండు దించి 107 హెర్ట్జ్ దగ్గర స్థిరపడ్డాము. ప్రతిధ్వని అసలు వాడలేదు.

దశ 9: కూర్పు బల్ల మీద అర్థాలు మారడం

కూర్పులో కథ కుదించడం వలన అతిథి సంభాషణలు 26 నుంచి 22కు తగ్గాయి, రెండు చోట్ల అతను పలికినదానికీ ఉపశీర్షికకూ పొంతన పోయింది. గొంతు తిరిగి రికార్డు చేయకుండా నిఘంటువునే సవరించాము. వెనుకకు వెళ్లడం అని రాసుకున్న ‘ఞోగ’ ఇప్పుడు తిరిగి రావడం. ముందు ‘ఓ’ చేర్చిన ‘ఓఞోగ’ కూడా దానితో పాటు మారింది కాబట్టి, ఆ మాట ఉన్న అన్ని సంభాషణలనూ మళ్లీ సరిచూశాము. ఒక మాట అర్థం మార్చినప్పుడు అది వచ్చే ప్రతి చోటునూ వెతకడానికి, సంభాషణ సంఖ్య, మాట, అర్థం, సమయం అనే నాలుగు నిలువు వరుసలతో ఒక స్ప్రెడ్‌షీట్ మొదటి నుంచీ నిర్వహించడం తప్పనిసరి.

మొత్తాలు: సంభాషణలు 22, శబ్దాలు 17, మాటలు 64, ఖర్చు 4,990 రూపాయలు.

మిగిలిన పని ఒకటే. మత్స్యకార మహిళ పాత్రధారిణి ‘ఙబ గూ ణోమల్’ను అతిథి కన్నా శుద్ధంగా పలుకుతున్నారు. మొదటిసారి ఆ భాషను నోట పెట్టిన మనిషి దానిని తన అలవాటు ప్రకారమే పలకాలి కనుక, మూడవ దశలో మేము తొలగించిన ఆ చివరి ‘ఉ’ను ఆమె మాటలలో మాత్రం తిరిగి చేర్చి, ‘ణోమలు’ అని పలికించి రికార్డు చేయవలసి ఉంది.